పిడికెడు బియ్యానికి హాజరు పట్టీ: మా సంఘ పెద్దలకు బహిరంగ లేఖ

పాస్టరు గారికి, డీకన్లకు, సంఘ పెద్దలందరికీ ప్రభువు పేరట వందనాలు.

పోయిన నెల ఆరాధన అయ్యాక ప్రకటనల్లో మీరు చదివిన తీర్మానం గురించే ఈ ఉత్తరం. ఇళ్లలో పోగుచేసి బీదలకి పంచే పిడికెడు బియ్యం, సహాయనిధి రెండూ ఇకమీదట సభ్యత్వ పుస్తకంలో పేరుండి, ఆదివారాలు క్రమంగా గుడికి వచ్చేవాళ్లకే అన్నారు. దానికో హాజరు పట్టీ పెడతామన్నారు. ఇచ్చేటప్పుడు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాలన్నారు. గుడిలో మాట్లాడుకోవాల్సింది వీధిలోకి ఎందుకు తెచ్చావని కొందరు నన్నడుగుతారు. వీధిలోకి తెచ్చింది నేను కాదండీ, మన మైకు. దాని పెట్టెలు రోడ్డువైపు తిరిగి ఉంటాయి. పొగాకు గ్రేడింగుకి పోయే ఆడవాళ్లు, వెనక రేకుల షెడ్లలో ఉండే ఒడిశా కుర్రాళ్లు, ఎదురు సందులో మిషను కుట్టుకునే దూదేకుల ఆయన అందరూ విన్నారు. మర్నాడు నా షాపుకొచ్చి, "ఇంక మాకు లేనట్టేనా అమ్మా?" అని అడిగినవాళ్లున్నారు. చుట్టుపక్కల సంఘాల్లో కూడా ఇదే పద్ధతి పెడదామనుకుంటున్నారని తెలిసింది. అందుకే వాళ్లూ చదువుతారని బహిరంగంగా రాస్తున్నాను.

స్త్రీల సమాజం తరఫున ఆదివారం బియ్యం పెట్టె తెరిచి కొలిచేది నేనేనని మీకు తెలుసు. మిగతా ఆరు రోజులూ మెడికల్ షాపు కౌంటరు వెనక ఉంటాను. ఈ రెండు చోట్లా నాకు కనబడేదే రాస్తాను. లెక్కల పుస్తకంలో కనబడేది మీకు ఎటూ తెలుసు.

ముందు ఈ బియ్యం ఎలా పోగవుతుందో కమిటీలో ఉన్న మగవాళ్లకి ఒకసారి చెప్పాలి. పొద్దున ఎసట్లో పోయబోయే ముందు, కడగని బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేస్తాం. పూటకి ఒక పిడికెడు. ఇంట్లో ఆ పూట ఎంతమంది తింటున్నా అదే పిడికెడు. ఆదివారం దాన్ని చీరకొంగు చాటున తెచ్చి పెట్టెలో పోస్తాం. కవరు మీద పేరు రాసి వేసే కానుక లాంటిది కాదిది. ఎవరు ఎంత పోశారో ఎవరికీ తెలియదు. జీతాలొచ్చే ఇళ్ల బీపీటీ సన్నాలు, రేషన్ బియ్యం, ఊళ్లోంచి వచ్చిన పాత బియ్యం అన్నీ ఆ పెట్టెలో కలిసిపోతాయి. వండితే ఒక మెతుకు మెత్తబడుతుంది, ఇంకోటి పలుకు మీదుంటుంది. తీసుకున్నవాళ్లు ఆ మాట నాతో నవ్వుతూ చెబుతారు. వచ్చే వారం మళ్లీ వస్తారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ పెట్టెలో పోసేవాళ్లంతా మన సభ్యులు కారు. పిల్లాడికి జ్వరం తగ్గిందనో, కూతురికి కాన్పు సుఖంగా అయిందనో బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లు వచ్చి, గుడి మెట్ల దగ్గర చెప్పులు విడిచి, ఒక శేరు బియ్యం పోసి దణ్ణం పెట్టుకుని పోతారు. వాళ్ల దగ్గర తీసుకునేటప్పుడు మనం సభ్యత్వ పుస్తకం తెరవలేదు. కోత పండుగ వేలంలో గుమ్మడికాయకి మార్కెట్ ధరకి పదింతలు పాడిన కిరాణా శెట్టిగారిని కూడా నెలకి ఎన్ని ఆదివారాలు వస్తున్నారని అడగలేదు. పట్టీ తీసుకునేవాళ్లకేనా?

మీరు చెప్పిన కారణాలు మూడు. ఒకటి, నిధి తరిగిపోతోంది. రెండు, కొందరు రెండు మూడు గుళ్లలో తీసుకుని మోసం చేస్తున్నారు. మూడోది పెద్దది. బయటివాళ్లకి బియ్యం ఇస్తుంటే "బియ్యం ఇచ్చి మతం మారుస్తున్నారు" అనే నింద పడుతోంది, రోజులు బాగాలేవు, మన జాగ్రత్తలో మనం ఉండాలి అన్నారు. ఈ మూడో మాటకి నేను భయపడను అంటే అబద్ధమే. మొన్న సెమీ క్రిస్మస్ రాత్రి క్యారల్స్‌కి వెళ్లినప్పుడు మనల్ని సందు మొదట్లోనే ఆపి ఏమన్నారో మీరూ విన్నారు, నేనూ విన్నాను.

కానీ ఆ నింద పోవాలని మీరు పెట్టిన నిబంధన ఏం చేస్తోందో చూడండి. గుడికొస్తే బియ్యం, రాకపోతే లేదు అంటోంది. ఇన్నాళ్లూ మన మీద వాళ్లు వేసింది నింద. ఇప్పుడు మనమే దాన్ని తీర్మానంగా రాసి, సంతకాలు పెట్టి, మైకులో చదివాం. షెడ్లలో ఉండే ఒడిశా కుర్రాడు రేపు ఆదివారం వెనక బెంచీలో కూర్చుంటే వాడు వాక్యం కోసం వచ్చాడో పట్టీలో టిక్కు కోసం వచ్చాడో మీకు తెలుస్తుందా? వాడికైనా తెలుస్తుందా? సహాయానికి షరతు లేనన్నాళ్లే మనం ఎవరికైనా ధైర్యంగా జవాబు చెప్పగలం.

ఈ ప్రాంతపు సంఘానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారి పేరు మనం వార్షికోత్సవాల్లో తలుచుకుంటాం, ఫొటోకి దండ వేస్తాం. 1876లో వానలు ఎగ్గొట్టి మద్రాసు ప్రెసిడెన్సీలో చాలా జిల్లాలు కరవులో పడ్డప్పుడు, ఆయన తనకు వచ్చిన సర్వే పని తెలివితో బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకానికి సర్కారు దగ్గర కాంట్రాక్టు తీసుకున్నారు. ఊరికే గంజి పొయ్యకుండా పని ఇచ్చి కూలి ఇచ్చారు. బోధకులే మేస్త్రీలయ్యారు. చుట్టుపక్కల పల్లెల నుంచి మాలమాదిగలు గంపలూ పారలూ పట్టుకుని వచ్చారు. ఇంకెక్కడా పని దొరకని జనం కాబట్టి వచ్చారు. మధ్యాహ్నం గట్టు మీద కూర్చున్నప్పుడు బోధకులు చెప్పే మాటలు విన్నారు. బాప్తిస్మం ఇమ్మని అడిగారు కూడా.

ఆయన ఇవ్వలేదు. కూలి పంచుతున్న చేత్తో బాప్తిస్మం ఇస్తే ఆ రెండూ ఒకటే అనుకుంటారని భయపడ్డారు. దాదాపు పదిహేను నెలలు ఎవరికీ ఇవ్వలేదు. కాలువ పని అయిపోయి, సహాయపు డబ్బు ఖర్చయిపోయి, ఇంక నా దగ్గర పంచడానికి ఏమీ లేదని చెప్పాకే ఒప్పుకున్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మంది నీళ్లలో దిగారు. ఆ అంకె మన పిల్లలు సండే స్కూల్లో వల్లె వేస్తారు. దాని ముందున్న పదిహేను నెలలు మాత్రం మనం నేర్పం. అంతమంది ఆకలి వల్లే వచ్చారని అప్పుడూ అన్నవాళ్లున్నారు, ఇప్పుడూ అంటారు. కరవు ప్రభావం ఏమీ లేదని నేనూ అనను. కానీ ఆ మాటకి మన దగ్గర ఏదైనా జవాబుంటే అది ఆ పదిహేను నెలల్లోనే ఉంది. మీ తీర్మానం ఆ జవాబుని కొట్టేసింది.

గుంటూరులో అమెరికా మిషనరీ డాక్టరు కుగ్లర్ దొరసాని గారి సంగతీ అంతే. 1883లో వచ్చి, గోషాలో ఉండే ఆడవాళ్లని మగ డాక్టరు చూడకూడని రోజుల్లో వైద్యం మొదలుపెట్టి, 1898లో ఆసుపత్రి తెరిచారు. బ్రాహ్మణ ఇళ్లకీ ముస్లిం ఇళ్లకీ వెళ్లారు. మా అమ్మ తరం వాళ్లు ఆ ఆసుపత్రిని ఇప్పటికీ దొరసాని ఆసుపత్రి అనే అంటారు. మన పేరు ఈ నేల మీద నిలబడిందంటే ఇలాంటి పనుల వల్ల. మన గేటు ఆర్చీల వల్ల కాదు. ఆర్చీ సంగతికి మళ్లీ వస్తాను.

ఇక సభ్యత్వ పుస్తకం. దీని గురించి నెమ్మదిగా రాయాలి, ఎందుకంటే చదివేవాళ్లలో రకరకాల మనుషులుంటారు. 1950లో రాష్ట్రపతి ఇచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు హిందువులకే వర్తించింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. మనల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి మారిన కుటుంబాన్ని బీసీ-సీ కింద రాస్తారు, దానికి ఒక్క శాతం రిజర్వేషను. గుడికొచ్చినంత మాత్రాన పేటలో కులం పోలేదని, నీళ్ల దగ్గరా శ్మశానం దగ్గరా ఏ తేడా రాలేదని మీకు నేను చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు పిల్లల స్కాలర్‌షిప్పు కోసం, సీటు కోసం ఒక తల్లి పుస్తకంలో పేరు రాయించుకోకుండా వెనక వరసలో కూర్చుని పోతుంటే ఆమె అవిశ్వాసి కాదు. ఆమె ఎందుకు రాయించుకోలేదో మీ అందరికీ తెలుసు. మన సంఘంలో అందరికంటే బీదవాళ్లలో చాలామంది ఈ పుస్తకం బయటే ఉన్నారు. పుస్తకాన్ని బట్టి బియ్యం ఇస్తామంటే ముందు ఆగిపోయేది బయటివాళ్లకి కాదు, వాళ్లకి. పైగా బియ్యం తీసుకుంటున్న ఫొటో గ్రూపులోకి వెళ్లాక అది ఏ ఫోనులోంచి ఏ ఆఫీసుకి పోతుందో ఎవరు హామీ ఉంటారు?

ఫొటో విషయంలో ఇదొక్కటే కాదు. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియనీయొద్దని చదువుకున్నవాళ్లం. పాతిక కిలోల బస్తాని నలుగురు పెద్దలు పట్టుకుని, మధ్యలో తలొంచుకున్న ముసలామెని నిలబెట్టి, వెనక ఫ్లెక్సీ కట్టి తీసిన ఫొటోలు మన గ్రూపులో ఇప్పటికే ఉన్నాయి. అందులో ఉన్న ఒకామె మనవరాలు మన హైస్కూల్లో చదువుతోంది. ఆ పిల్ల స్నేహితుల ఇళ్లలో కూడా ఆ గ్రూపు ఉంది. లెక్క కోసమే అయితే నా పుస్తకం ఉంది, కోశాధికారి గారు ఎప్పుడైనా చూసుకోవచ్చు. ఎన్ని కిలోలు వచ్చాయి, ఎన్ని వెళ్లాయి అన్నంతవరకు రాస్తాను. పేర్లు రాయను.

మోసం చేసేవాళ్లున్నారన్న మాట నిజమే. ఉన్నారు. వాళ్లెవరో కూడా నాకు తెలుసు. ఒకాయన మన దగ్గరా, ఇంకో గుళ్లోనూ, దర్గా దగ్గరా తీసుకుంటాడు. అన్నీ కలిపినా ఆయన తినేది రోజుకి రెండు పూటలే, పక్షవాతం వచ్చిన అన్నకి కూడా అందులోంచే పెడతాడు. ఇలాంటివాళ్లని పట్టుకోడానికి హాజరు పట్టీ పనికిరాదు. నిజంగా మోసం చేయదలచినవాడు ఆదివారం అందరికంటే ముందొచ్చి ముందు బెంచీలో కూర్చుంటాడు.

నిధి సంగతికి వస్తే, మీకు నచ్చని మాట ఒకటీ, నచ్చే మాట ఒకటీ చెబుతాను. నచ్చే మాట: అందరికీ బియ్యమే ఇవ్వాల్సిన పనిలేదు. రేషన్ కార్డున్న కుటుంబానికి 2023 నుంచి మనిషికి ఐదు కిలోలు ఉచితంగానే వస్తోంది. ఇప్పుడు మన బియ్యం నిజంగా కావాల్సింది కార్డు లేనివాళ్లకి. గ్రానైట్ పాలిషింగుకి వచ్చిన ఒడిశా, బీహారు కుర్రాళ్లకి కార్డు సొంతూళ్లో అమ్మానాన్నల దగ్గరుంటుంది. ఎక్కడైనా తీసుకోవచ్చని పథకం చెప్పినా, ఇంటివాళ్లు అక్కడ మొత్తం తీసేసుకుంటే వీళ్లకి ఇక్కడ మిగలదు. పని ఆగిన వారం వాళ్లకి కూలి లేదు. మిగతావాళ్లకి కొరత వేరే చోట ఉంది. నా కౌంటరు దగ్గరికి వచ్చి బీపీ బిళ్లల అట్టలోంచి రెండు కత్తిరించి ఇమ్మంటారు. రెండు రోజులకి రెండు. షుగరు మందు రోజు విడిచి రోజు వేసుకుంటారు, డాక్టరు చెప్పాడని కాదు. ఆసుపత్రిలో ఆపరేషను కార్డు మీద అయిపోతుంది, కానీ తోడుగా వెళ్లిన మనిషి వారం రోజులు బయట ఏం తినాలి, ఆ వారం కూలి ఎవరిస్తారు అన్నది ఏ పథకంలోనూ లేదు. గ్రూపు లోను కిస్తీ రోజున సందులో ఎంతమంది తలుపులకి తాళాలేసుకుని ఎక్కడికో పోతారో మీరు సాయంకాలం గృహ కూటానికి వెళ్లినప్పుడు చూసే ఉంటారు. ప్రార్థన చేసి వచ్చేస్తాం. కిస్తీ ఎంత అని అడగం.

పొగాకు సీజను అయిపోయాక గ్రేడింగు ఆడవాళ్లకి నెలల తరబడి పనుండదు. కౌలు రైతు సంగతి సరేసరి. భూమి కాగితం యజమాని పేరున ఉంటే బ్యాంకు లోను ఆయనకే, పంట పోతే నష్టం ఈయనకి. 2019 చట్టం కింద సాగు హక్కు కార్డు ఇస్తారు గానీ యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఆ సంతకం అడగడానికి భయపడే కౌలు రైతుతో మన సంఘంలోని రిటైర్డు వీఆర్వో గారు వెళ్లి, పక్కన కూర్చుని, రెండు మంచి మాటలు చెప్పగలరు. దానికి నిధి అక్కర్లేదు. పింఛను ఆగిపోయిన విధవరాలితో సచివాలయానికి వెళ్లడానికి మన యవ్వనస్తుల్లో బండి ఉన్న పిల్లలు చాలు. గిటారు, కీబోర్డు నేర్చుకున్న పిల్లలే, ఫారాలు నింపడం నేర్చుకోలేరా? ఈ పనులు పాస్టరు గారు ఒక్కరే చేయాలని మనం అలవాటు చేసేశాం. ఆయన వారంలో ఒక రోజైనా ఇంట్లో భోంచేయడం నేను చూడలేదు.

నచ్చని మాట ఆర్చీ. ముందు గేటుకి గ్రానైట్ ఆర్చీ కోసం వేరుగా పెట్టిన డబ్బు సహాయనిధి కంటే ఎన్ని రెట్లో పుస్తకం మీ దగ్గరే ఉంది. కట్టడాలు వద్దనేదాన్ని కాదు. మెదక్ గుడి చూశాను, కళ్లు చాలలేదు. ఆ గుడి కూడా కరవు రోజుల్లో జనానికి పని ఇచ్చి, తిండి ఇచ్చి కట్టిందే. 1924 క్రిస్మస్‌నాడు తలుపులు తెరిచే నాటికి ఎన్నో కుటుంబాలు ఆ రాళ్ల మీద బతికాయి. మన ఆర్చీ మీద బతికేది ఒక కాంట్రాక్టరు. నిధి తరిగిపోతోంది అన్న మాటా, ఆర్చీ అంచనా పెరిగింది అన్న మాటా ఒకే సమావేశంలో వచ్చాయని విన్నాక నాకు మాట ఆగలేదు.

డీకన్లకి ప్రత్యేకంగా ఒక మాట. మీ పని పుట్టిందే ఇలాంటి గొడవలో. యెరూషలేములో రోజూ వడ్డించేటప్పుడు గ్రీకు భాష మాట్లాడేవాళ్ల విధవరాండ్రని చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు లేచింది. అపొస్తలులు అప్పుడు పట్టీ పెట్టలేదు, సణిగినవాళ్ల నోరూ మూయలేదు. ఏడుగుర్ని ఏర్పరచమన్నారు. ఆ ఏడు పేర్లూ గ్రీకు పేర్లే. అంటే చిన్నచూపుకి గురైనవాళ్ల వైపు మనుషులకే గరిటె అప్పగించారు. మన కమిటీలో గ్రేడింగు సందు నుంచి ఒక్క మనిషి లేదు. ఆ సందులో మన సభ్యులు, పుస్తకంలో ఉన్నవాళ్లే, ఎంతమంది లేరు! బియ్యం ఎవరికి కావాలో మీకంటే నాకంటే వాళ్లకి బాగా తెలుసు. వాళ్లలోంచి ఇద్దర్ని, ఇద్దరూ ఆడవాళ్లనే, సహాయనిధి మీద పెట్టండి.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటే ముందు రాత్రి మన హాలు తలుపులు ఎవరు తెరిచారో ఎవరికీ గుర్తులేదు. తెల్లారేసరికి సందు సందంతా బెంచీల మీద ఉంది. ఉప్మా వండాం. మిషను కుట్టే ఆయన నమాజుకి మూల గది అడిగితే ఇచ్చాం. ఆ రోజు తీర్మానం ఏదీ చేసినట్టు మినిట్స్ పుస్తకంలో లేదు. ఇప్పుడు మన ఇళ్లలో చావు వస్తే టెంటు కట్టించేదీ, కుర్చీలు మోసేదీ ఆ సందు కుర్రాళ్లే. మొన్న పెద్ద డీకను గారి అమ్మగారి పెట్టెకి భుజం పట్టినవాళ్లలో ఎంతమంది పేర్లు మన పుస్తకంలో ఉన్నాయో గుర్తు తెచ్చుకోండి.

నేను అడిగేవి ఇవీ. తీర్మానాన్ని వెనక్కి తీసుకోండి. తీసుకున్నట్టు అదే మైకులో చదవండి. ఫొటోలు ఆపండి, ఉన్నవి గ్రూపులోంచి తీసేయండి. కోత పండుగ వేలం డబ్బులో సగం మందులకీ, ఆసుపత్రి తోడు మనిషి భోజనానికీ వేరుగా పెట్టండి. మందులు నా షాపులోనే కొనక్కర్లేదు, ఆ మాట ముందే అంటున్నాను, తర్వాత ఇంకోలా అనుకోకుండా. జెనరిక్ షాపులో ఇంకా చవగ్గా వస్తాయి. ఆర్చీ పని కనీసం వచ్చే కోత పండుగ దాకా వాయిదా వేయండి. ఇవన్నీ కమిటీలో కాకుండా జనరల్ బాడీలో చర్చకి పెట్టండి, ఆడవాళ్లు రాగలిగే వేళలో. ఆదివారం మధ్యాహ్నం వంట వేళ పెడితే మేం రాలేమని మీకు తెలుసు.

అప్పటిదాకా పెట్టె తాళంచెవి నా దగ్గర ఉన్నన్ని ఆదివారాలు ఎప్పటిలాగే కొలుస్తాను. పట్టీ మాత్రం నాకు పంపొద్దు, రాయను. అది రాసే మనిషి కావాలనుకుంటే స్త్రీల సమాజం కూటంలో నన్ను మార్చి ఇంకొకరిని ఎన్నుకోవచ్చు. కూటం శుక్రవారం సాయంత్రం నాలుగింటికి.

ఇట్లు,
స్త్రీల సమాజం సభ్యురాలు
(ఇది సమాజం తరఫున కాదు, నా సొంత ఉత్తరం)